ఏ రంగండీ?

ఆ సిస్టరుగారు నన్ను ఏనాడూ "ఎలా ఉందండీ?" అని అడగలేదు. "ఏ రంగండీ?" అనే అడిగేవారు, అదీ వార్డంతా వినపడేట్టు.

కొన్నేళ్ల కిందట, విజయవాడలో, నోట్లోంచి గొట్టం దింపి కోత లేకుండానే నా కడుపులో గడ్డ తీసేశారు. తీసినచోట నెత్తురు కారితే విరేచనం తారులా నల్లగా అవుతుందట. అందుకని ఆవిడకి రోజూ రంగు చెప్పాలి. నేను దుప్పటి ముసుగులోంచి "పసుపేనండీ" అని గొణిగేవాణ్ణి.

మూడోరోజు నలుపు! నెత్తురేననుకున్నాను. అంతలోనే నేరేడుపళ్లు గుర్తొచ్చాయి. గంజి తప్ప ఏదీ ముట్టొద్దన్నా, వన్ టౌన్ నుంచి మా బావమరిది తెచ్చినవి ముందురోజు కొన్ని, ఆ పొద్దున కొన్ని దొంగచాటుగా తిన్నాను. తిట్లు తప్పించుకుందామని "పసుపేనండీ" అన్నాను.

"నాలుక చాపండి."

చాపాను. ఊదారంగు.

"నేరేడుపళ్ల నలుపేనండీ, నెత్తురు కాదు" అన్నాను.

"ఆ మాట మీరు కాదు, నేను చెప్పాలి" అంటూ నాడి పట్టుకున్నారు. నాడి మరీ వడిగా కొట్టుకుంటోందట. డాక్టరుగారిని కేకేశారు. మళ్లీ గొట్టం దింపితే, నిజంగానే లోపల నెత్తురు కారుతోంది. గొట్టంలోంచే ఆ చోటు కాల్చి నెత్తురు ఆపారు.

ఏడాది తర్వాత, కిక్కిరిసిన సిటీబస్సులో ఆ చివరినుంచి ఓ కేక: "ఏ రంగండీ?"

బస్సంతా నావైపు తిరిగింది. ఈసారి నేను ముసుగు వెతుక్కోలేదు. కడ్డీ పట్టుకుని, మునివేళ్ల మీద లేచి, గొంతెత్తి చెప్పాను: "పసుపేనండీ సిస్టరుగారూ!"