తలుపు పక్క సీటు

మా మేనమామ పోయాడన్న కబురు నాకు కోలారులో, కాలేజీలో ఉండగా వచ్చింది. ఫోనులో అమ్మ ఏడవలేదు. "మామ ఇంగ లేడమ్మా. నువ్వు వచ్చెయ్," అని మాత్రం అంది. మామ ఊరు కేజీఎఫ్‌కు బస్సు ఎక్కాను. దారి పొడుగునా సన్నగా తుంపర పడుతూనే ఉంది. అలాంటి తుంపరంటే మామకు భయం. వానకు కాదు, పిడుగుకు కాదు, పొద్దున పూట పడే ఆ సన్నటి తడికి. ఆ భయం ఎందుకో చెప్పాలంటే ఒక వ్యాను గురించి చెప్పాలి.

మామ బండ్లకు కరెంటు పని చేసేవాడు. వాళ్ల నాన్న కేజీఎఫ్ బంగారు గనిలో పని చేసినవాడు. గని మూతపడ్డాక మామ అక్కడే చిన్న షెడ్డు వేసుకున్నాడు. ఏ బండి వచ్చినా ముందు రేడియో ఆపేవాడు. బండి ఎక్కి, ఏమీ ముట్టుకోకుండా కాసేపు ఊరికే కూర్చునేవాడు. కత్తిరించిన వైరు ముక్కలు చొక్కా జేబులో వేసుకోవడం ఆయనకు అలవాటు. అత్త ఉతికే ముందు చొక్కా దులిపితే బండ మీద రాగి తునకలు రాలేవి.

మా వైపు బండిని గాడి అంటాం. అందులో ఎప్పుడూ కనబడే తప్పును మామ ఫాల్టు అనేవాడు. వచ్చి పోయేదాన్ని మాత్రం చుట్టం అనేవాడు. "ఈ గాడికి చుట్టమొచ్చిందమ్మా. ఎప్పుడొస్తుందో చెప్పదు, యాడ కూర్చుంటుందో చెప్పదు." ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు భలే నవ్వొచ్చింది.

నేను పీయూసీ, అంటే ఇంటర్, చదివేటప్పుడు శ్రీనివాసపురం చుట్టుపక్కల పల్లెల నుంచి మమ్మల్ని కోలారుకు తీసుకెళ్లడానికి ఒక వ్యాను ఉండేది. శ్రీనివాసపురంలో రాగులు, బియ్యం అమ్మే శెట్టిగారిది. మామిడి కాలంలో తోటల నుంచి కాయలు మోసేది. కాలం అయిపోయి కాలేజీలు తెరిచాక సీట్లు బిగించి మమ్మల్ని ఎక్కించుకునేది. దాని తలుపు బటన్ నొక్కితే దానంతటదే పక్కకు జరుగుతుంది. మాకు అదొక గొప్ప.

ఒక పొద్దున, వ్యాను మంచి వేగంలో ఉండగా, ఎవరూ బటన్ ముట్టుకోకుండానే టిక్కుమంది. తలుపు నిదానంగా, మర్యాదగా జరిగిపోయింది. నా స్నేహితురాలు పద్మ బ్యాగు జారి రోడ్డు మీద పడి దొర్లింది.

"గాడికి కూడా తెలిసిపోయిందప్పా, నేను హోంవర్కు చెయ్యలేదని!" అంది పద్మ. అందరం నవ్వాం. ఇంటికొచ్చాక ఫోనులో మామకు అదే నవ్వుతో చెప్పాను. ఆయన నవ్వలేదు.

"ఆ తలుపు పక్కన ఎవరు కూర్చున్నారమ్మా?"

"నేనే మామా."

 "గాడిని నా దగ్గరికి పంపమని శెట్టికి చెప్పు," అన్నాడు.

వ్యాను కేజీఎఫ్ వెళ్లింది. మామ బ్యాటరీ చూశాడు, ఫ్యూజులు చూశాడు, మోటారు విప్పాడు. తలుపు జరిగినప్పుడల్లా వంగే చోట ఒక వైరు లోపల నలిగి ఉంది. దాన్ని మార్చాడు. రెండు రోజులు ఎండలో పెట్టి తెరిచాడు, మూశాడు. చుట్టం రాలేదు. శెట్టిగారు సంతోషపడ్డారు. మామ మాత్రం, "బాగయిందా, దాక్కునిందా, తెలీడంలేదు," అన్నాడు.

మళ్లీ తుంపర పడిన పొద్దున తలుపు మళ్లీ తెరుచుకుంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మామ ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చాడు. శెట్టిగారు కూడా వచ్చారు.

"మీ షెడ్డులో బాగానే ఉండింది కదప్పా! పరీక్షలు దగ్గర పడినాయి. ఆ పల్లెలకు వేరే బస్సు యాడుంది? ఆ తలుపు ఫ్యూజు పీకేస్తే సరిపోదా?"

"పీకేస్తే తలుపు తెరుచుకోదు శెట్టన్నా. లోపలి పిడి, బయటి పిడి రెండూ కాయల బుట్టలు తగిలి విరిగినాయి. రేపు గాడిలో పొగ లేస్తే పిల్లోళ్లు యాడనుంచి దిగల్ల?"

శెట్టిగారు తల పట్టుకున్నారు. కొత్త పిడులు బెంగుళూరు నుంచి రావాలి. "అయితే ఏం చేద్దామంటావు?"

"అవి వచ్చేదాకా ఆ సీటు నాది," అన్నాడు మామ.

షెడ్డుకు తాళం వేసి మామ మా ఊళ్లో ఉండిపోయాడు. రోజూ పొద్దున మాతో పాటు వ్యాను ఎక్కేవాడు. నడుముకు తాడు కట్టుకుని, ఆ తాడు సీటు కాలికి బిగించి, తలుపు పక్కన కూర్చునేవాడు. పద్మ ఊరుకునేదా? "మామా, నిన్ను ఎవరన్నా కొనుక్కోని పోతావుండారా?" అనేది. "కొనేవాళ్లు దొరకలేదమ్మా, అందుకే కట్టేసినారు," అనేవాడు. మాట్లాడుతున్నా చూపు తలుపు మీదే ఉండేది. రోజులు గడుస్తున్నాయి. ఎండ కాస్తోంది. తలుపు బుద్ధిగా ఉంది. ఆ బుద్ధికే మాకు ఎక్కువ భయమేసేది.

చివరికి ఒక పొద్దున మళ్లీ తుంపర మొదలయింది. మామ తలుపు పక్కనున్న బటన్ వైరుకు మీటరు తగిలించి నన్ను తన వెనక సీటుకు పిలిచాడు. మీటరు నా చేతికిచ్చాడు.

"పన్నెండు ఓల్టులు చూపించల్ల. తగ్గితే చెప్పు."

వ్యాను కదిలింది. అద్దాల మీద తడి పేరుకుంటోంది. బటన్‌ను ఎవరూ ముట్టుకోలేదు.

"పదకొండు, మామా."

"ఊఁ."

"పది... తొమ్మిది... పడతానే ఉండాది మామా."

"డ్రైవరప్పా, మెల్లగా, మెల్లగా! పక్కకు తియ్!"

అంకె ఇంకా పడింది. టిక్కుమంది. తలుపు జరగడం మొదలుపెట్టక ముందే మామ చెయ్యి వెనక్కి చాచి నా ముందు అడ్డంగా పెట్టాడు. బయట రోడ్డు, మా కాళ్ల పక్కనే, తడిగా నల్లగా పరిగెడుతోంది. వ్యాను ఆగేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.

ఆగాక బటన్ విప్పి చూపించాడు. లోపలంతా నల్లటి జిగురు. కాయలు ఎక్కించేవాళ్లు సొన చేతులతో నొక్కి నొక్కి, ఆ సొన, రసం లోపలికి దిగి ఎండిపోయింది. "తడి గాలి తగిలితే ఈ జిగురే ఒక వేలవుతుందమ్మా. మెల్లగా నొక్కుతుంది. ఎండొస్తే తీసేస్తుంది." తర్వాత డ్రైవరు వైపు తిరిగాడు. "సరే, నొక్కింది. గాడి పరిగెత్తేటప్పుడు నొక్కినా తెరుచుకోకూడదే. వద్దని చెప్పే వైరు ఒకటుంటుంది. యాడ అది?"

డ్రైవరు కిందికి చూశాడు. "తోటలో చెట్టు చెట్టుకూ ఆపి తెరిస్తే పొద్దు చాలదు మామా. మెల్లగా పోతానే బుట్టలు ఎక్కిస్తాము. ఆ వైరుంటే తెరవనీయదు కదా... కోయించినాము."

"మీరొక్కరేనా?"

"తోటలకు పోయే గాడీలన్నీ అట్లే. అందరూ కోయిస్తారు."

మామ తిట్టలేదు. వంగి, స్టీరింగు కింద తెగిన ఆ వైరును వెతికి అతికాడు. బటన్ కడిగాడు. కానీ "అందరూ" అన్న ఆ మాట ఆయన్ను వదల్లేదు. ఆ తర్వాత ఏటా మామిడి కాలం చివర శ్రీనివాసపురం కాయల మండీకి వచ్చి, సీట్లు బిగించుకుంటున్న వ్యానుల్లో స్టీరింగు కింద దూరి చూసేవాడు. "ఆర్టీవో కన్నా నీతోనే కష్టం మామా!" అని డ్రైవర్లు ఎగతాళి చేసేవాళ్లు. కొందరు అతికించుకునేవాళ్లు. కొందరు ఆయన వెళ్లగానే మళ్లీ కోసేసేవాళ్లు.

ఈ ఏడు ఊపిరి ఆడక మంచం పట్టాడు. నేను చూడటానికి వెళ్లినప్పుడు, "మండీకి ఎవురన్నా పోయినారా?" అని అడిగాడు. ఎవరూ పోలేదు. నేను దుప్పటి సర్దాను.  ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. నా ముందు అడ్డంగా నిలిచిన ఆ చెయ్యి, అప్పటికి ఎంత తేలికైపోయిందో.

కర్మలయ్యాక పొద్దున్నే కోలారుకు తిరిగి వస్తున్నాను. ఊరి మొదట్లో, టమోటా లారీలు అడ్డం పడి మా బస్సు ఆగింది. పక్కనే ఒక బడి వ్యాను. దాని తలుపు మీద తుంపర చుక్కలు జారుతున్నాయి. నేను దిగి డ్రైవరు కిటికీ దగ్గరికి వెళ్లాను.

"అన్నా, ఈ గాడి మామిడి తోటలకు పోయిందా?"

అతను నన్ను వింతగా చూశాడు. "పోకుండా ఎట్లమ్మా? ఏం కావల్ల నీకు?"

"స్టీరింగు కింద ఒక వైరుంటుంది, అది..."

లారీ కదిలింది. వెనక అందరూ హారన్లు కొట్టారు. అతను గేరు వేశాడు. నేను వ్యాను వెంట నడిచాను, తర్వాత పరిగెత్తాను. తలుపు పక్క సీటులో రెండు జడల చిన్న పాప, చెంప అద్దానికి ఆనించి, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది.