మాట అందించే జ్ఞానప్రకాశం

ఎదుటి మనిషి మాట మధ్యలో ఊపిరి పీల్చుకుంటే జ్ఞానప్రకాశం ఊరుకోలేడు. మరిచిపోయాడనుకుని తర్వాతి మాట తానే అందించేస్తాడు. నంద్యాలలో ఆయనతో మాట్లాడాలంటే ఊపిరి బిగబట్టి మొదలుపెట్టాలి.

ఒకసారి చర్చిలో పెళ్లి. "ఈమెను భార్యగా స్వీకరిస్తావా?" అని పాస్టరుగారు అడిగారు. పెళ్లికొడుకు సిగ్గుతో ఒక్క క్షణం ఆగాడు. వెనక బెంచీలోంచి "స్వీకరిస్తాను!" అని కంచు గొంతు ఖంగుమంది.

పాస్టరుగారు కళ్లజోడు సవరించుకుని, "పెండ్లికొడుకు ఎవురప్పా, నువ్వా ఆయనా?" అన్నారు.

ఆళ్లగడ్డ బస్టాండులో కండక్టరు "ఉయ్యాలవాడ, కోయిలకుంట్ల..." అని అరుస్తూ దగ్గాడు. "జమ్మలమడుగు!" అని ప్రకాశం అందించాడు. ముగ్గురు ఎక్కి కూర్చున్నారు. ఆ బస్సు అక్కడికి పోదు.

ఈ బాధ అందరికంటే ఎక్కువ పడింది ఆయన నాటకాల్లో హార్మోనిస్టు మత్తయి. ఇరవై ఏళ్లు రాజు వేషాలు కట్టిన ప్రకాశం తొంభై ఎనిమిదిలో ఉన్నట్టుండి కిరీటం తీసేసి నాటకాల కాంట్రాక్టరయ్యాడు. నందికొట్కూరు నుంచి ప్యాపిలి దాకా ఊరూరా నాటకాలు, పాటకచేరీలు పెట్టేవాడు. వ్యాను, మైకు సెట్టు, పోస్టర్లు అన్నీ తనే చూసుకునేవాడు. తెర లేచాకే చిక్కు. పక్కన నిలబడి అందరి డైలాగులూ అందరికంటే ముందు చెప్పేవాడు. శత్రువు కత్తి దూయకముందే "హా, చచ్చితిని!" అని వినబడేది. గాయకుడు రాగం సాగదీస్తే పల్లవి ఈయనే ఎత్తుకునేవాడు.

రెండువేల మూడులో ఆళ్లగడ్డ నాటకానికి ముందు కళాకారులంతా కలిసి మత్తయిని ముందుకు తోశారు.

"అన్నా, ఈ పొద్దు నువ్వు నోరు తెరిస్తే మేము వేషాలు కట్టం."

"ఒక్కరికైనా..."

"ఒక్కరికి గూడా వద్దు!"

ప్రకాశం ముఖం చిన్నబోయింది. కండువా కొస నోట్లో కుక్కుకుని తెర పక్కన నిలబడ్డాడు.

నాటకం సాఫీగా నడుస్తోంది. ఇంతలో రాజమాత వేషంలో అనసూయమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి. ఆమె అడుగు పెడితేనే చప్పట్లు.

"నా బిడ్డను చెరలో వేసిన నాడు..." అంది. ఆగింది.

మత్తయి హార్మోనియం మీద శ్రుతి సాగదీశాడు. మాట రాలేదు. అనసూయమ్మ తెర పక్కకు చూసింది. ఆ చూపులోని బెదురు మత్తయి కంటబడింది.

ప్రకాశం కండువా లాగి పారేశాడు. "ఈ కోటగోడలే కన్నీరు పెట్టాయి!"

అనసూయమ్మ ఆ మాట అందుకుని హాలంతా దద్దరిల్లేలా పలికింది. ప్రకాశం అక్కడితో ఆగలేదు. మంత్రికి అందించాడు, సేనాపతికి అందించాడు. మాటే లేని భటుడికి కూడా ఒక డైలాగు పుట్టించి అందించాడు.

"ఏయ్ ప్రకాశమన్నా! నోరు మూసుకోప్పా, ఆయమ్మను చెప్పనీ!" అని జనం కేకలేశారు. ప్రకాశం వాళ్లకు నవ్వుతూ దండం పెట్టాడు.

తెర పడగానే మత్తయి పరుగెత్తాడు. "అన్నా, ఆయమ్మకు డైలాగులు మరుపొస్తాండాయా?"

"మెల్లగా అనురా. ఐదేండ్లాయ."

"అందుకేనా నువ్వు వేషం మానింది?"

"కిరీటం పెట్టుకొని నేను అందిస్తాంటే జనం చూడరా? పక్కన నిలబడల్లంటే కాంట్రాక్టరే కావల్ల. ఇంగెవురైనా ఐతే ఆయమ్మను పిలుస్తారా?"

"మరి మాకెందుకు అందించేది? మేమేం మరిచిపోలేదే!"

"ఆయమ్మ ఒక్కదానికే చెప్తే అందరికీ తెలిసిపోదా? అందరికీ చెప్తే రోగం నాదనుకుంటారు. అనుకోనీ."

"బజార్లో గూడా ఎందుకన్నా?"

ప్రకాశం సిగ్గుపడ్డాడు. "అది మాత్రం అలవాటైపోయిందిరా."

మరుసటి వారం నందికొట్కూరులో నాటకం. ప్రకాశానికి గొంతు పూర్తిగా పోయింది. రాజమాత రెండో మాటకే ఆగింది. హార్మోనియం దగ్గర నుంచి మత్తయి గట్టిగా అందించాడు. ఆ ఊపులోనే మంత్రికీ, సేనాపతికీ అందించేశాడు.

"ఏయ్ పెట్టె వాయించే ఆయప్పా! నీ పని నువ్వు చూసుకో!" అని ముందు వరుసలోంచి ఎవరో అరిచారు.

తెర పక్కన ప్రకాశం గొంతు లేకుండానే పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. మత్తయి అరిచినవాళ్లకు దండం పెట్టి, భటుడి డైలాగు ఇంకా గట్టిగా చెప్పాడు.