కానుగ నూనెలో బజ్జీలు

ఫలానా అడవి గింజలో ఇంత ఒలీక్ ఆమ్లం ఉంది, ఇంత మాంసకృత్తు ఉంది, కాబట్టి అది మంచి తిండి అంటూ ఎవరైనా పేపరు పట్టుకుని మా వాకిట్లోకి వస్తే నాకు ఒళ్లు మండుతుంది. కూర్చోమని కూడా అనను. ఆ మాట మొదట నా ముందు అన్నవాడి ముఖం గుర్తొస్తుంది.

తొంభైల మధ్యలో గగన్‌పహాడ్‌లోని ఒక నూనె మిల్లులో నేను ల్యాబు చూసేవాణ్ని. ఒకవైపు వంటకు పల్లి నూనె, మరోవైపు సబ్బుకు అడవి గింజల నూనె ఆడేవారు. ఎండాకాలంలో మహేశ్వరం వైపు నుంచి ఆడవాళ్లు కానుగ గింజలు ఏరి మూటలు కట్టి తెచ్చేవారు. కానుగ నూనె గజ్జికి, తామరకు పూసే మందు. నోటికి పనికిరాదు. ఈ సంగతి తెలియని ఇల్లు మా వైపు లేదు.

తెలియనిది ఒక్క యజమాని బావమరిదికే. ఎక్కడా పని దొరకక మా దగ్గర కొనుగోళ్లు చూడటానికి వచ్చాడు. వచ్చిన మర్నాటి నుంచే అన్నీ తెలిసినవాడయ్యాడు. ఒకరోజు నా బల్ల మీది రెండు పరీక్ష కాగితాలు పక్కపక్కన పెట్టాడు. నూనె ఎంత అయోడిన్‌ను పీల్చుకుంటుందో చూసి, అందులో ఏ రకం కొవ్వులున్నాయో మేము అంచనా కడతాం. కానుగకూ పల్లికీ ఆ అంకె దగ్గరదగ్గరగా వస్తుంది.

"సారూ, రెండు ఒక్కటే గద! పల్లీలు పిరమైనయ్. కానుగేమో చెట్ల కింద ఊరికే పడి ఉంటది. జర కలిపితే ఏమైతది?"

"కొవ్వు ఒక్క తీరుదే. విషం కొవ్వు కాదు, దాన్ల కరిగి ఉంటది. నీ అంకెకు అది కనబడదు."

"చేదే గద, తీపిస్త."

తీయించాడు. మట్టి పట్టించి రంగు, ఆవిరి పట్టించి వాసన పోగొట్టించాడు. నూనె బంగారంలా మెరిసింది. ఏ పరీక్షకైనా ముందు గాజు కడ్డీ ముంచి, నాలుక మీద ఒక చుక్క వేసుకుని ఉమ్మేయడం మా పనిలో పాత అలవాటు. అలాగే చూశాను. మొదట ఏమీ తెలియలేదు. కాసేపటికి నాలుక మొదట్లో చేదు లేచింది, అన్నం తిన్నా పోలేదు. ఆ మాటే చెప్పాను.

"నీ నాలుక ముసల్దైంది సారూ," అని నవ్వాడు.

ముందు క్యాంటీన్‌లో హమాలీలకు ఆ నూనెతో బజ్జీలు పెట్టిస్తాడట. ఎవరికీ ఏమీ కాకపోతే పల్లి నూనె డబ్బాల్లో కలిపి బజారుకు పంపుతాడట. యజమాని ఊళ్లో లేడు. నేను తిన్నగా క్యాంటీన్‌కు నడిచాను. వంట చేసే అక్క కడాయిలో నూనె కాగబెట్టి పిండి కలుపుతోంది. హమాలీలు బెంచీల మీద కూర్చున్నారు. బావమరిది గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, అది కానుగ నూనె," అన్నాను, అందరికీ వినబడేలా.

ఆమె చెయ్యి ఆగింది. "గజ్జికి రాసేదా?"

"సాఫ్ చేపిచ్చిన. ఆ సారుకు ఊకె పరేషాన్," అన్నాడు అతను.

అక్క ఒక బజ్జీ వేసి, తీసి, పేపరు ముక్కలో పెట్టి అతని ముందుకు చాపింది.

"అయితే ముందు నువ్వు తిను బాపు. సేటు చుట్టానివి. నీకు పెట్టకుంట వీళ్లకెట్ల పెడుత?"

"నాకియ్యాల ఉపాసం."

"ఉపాసమా? మరి పొద్దుగాల నా చేతి తలకాయ కూర తిన్నదెవరు, నీ తమ్ముడా?"

బెంచీలన్నీ ఘొల్లుమన్నాయి. అతను మాత్రం నా వైపే చూస్తూ, "ఇగ నీ సంగతి చూస్త," అన్నాడు. బజ్జీ మాత్రం ముట్టలేదు. ఒక ముసలి హమాలీ తువ్వాల దులుపుకుని లేచాడు. వెనకే అందరూ లేచారు. అక్క పొయ్యి ఆర్పేసింది. ఆ నూనె సబ్బు తొట్టికి పోయింది.

యజమాని తిరిగొచ్చి అతన్ని ఏమీ అనలేదు. అయినవాడు కదా! నేనూ ఎవరి అనుమతీ అడగలేదు. ఆనాటి నుంచి కానుగ నూనె గానుగ దిగగానే ఇక ఏ వంట నూనెలోనూ కలపడానికి వీల్లేకుండా, అందులో సబ్బుకు వాడే ఎర్ర రంగు నా చేత్తో కలిపేవాణ్ని. అతను గుమ్మంలో ఉన్నప్పుడైతే ఇంకాస్త ఎక్కువ కలిపేవాణ్ని.

నేను రిటైరైన రోజున అందరికంటే ముందు దండ పట్టుకుని వచ్చింది అతనే. నేను తల వంచలేదు. దండ చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.