ఇరవై నాలుగో చానల్

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది ఫిబ్రవరిలో, మలికిపురం శివారున జరిగే మూడు రోజుల సువార్త సభలకు మా కంపెనీ నన్ను సౌండ్ ఇంజనీరుగా వేసింది. ఇంజనీరు అన్నది కంపెనీ దయతో ఇచ్చిన హోదా. నేను చదివింది ఐటీఐ, అదీ వైరింగు. అమలాపురంలో ఆ కంపెనీలో బాక్సులు మోసే పనికి చేరి, కేబుళ్లు లాగే పనికి, అక్కణ్ణుంచి మిక్సరు ముందున్న కుర్చీకి చేరడానికి పద్దెనిమిదేళ్లు పట్టింది. కూర్చున్న మర్నాటి నుంచి చెవుల విషయంలో గోదావరికి ఇటుపక్క నన్ను మించినవాడు లేడని నాకు గట్టి నమ్మకం కుదిరింది. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా అంతే.

ముందు మిక్సరు గురించి రెండు ముక్కలు చెప్పాలి. అందులో ఒక్కో వాయిద్యానికీ, ఒక్కో మైకుకీ ఒక చానల్ ఉంటుంది. శబ్దం పెంచడానికీ తగ్గించడానికీ పైకీ కిందికీ జరిపే మీటను ఫేడర్ అంటాం. మాది ఇరవై నాలుగు చానళ్ల మిక్సరు. ఇరవై మూడు పనిచేస్తాయి. ఇరవై నాలుగోదానికి నేను ఏ కేబులూ పెట్టను. దాని కింద తెల్ల టేపు అంటించి ‘మెయిన్ టోన్’ అని రాస్తాను. అది పెద్దమనుషుల చానల్. పెళ్లయినా, సభయినా, సౌండు గురించి తెలిసినవారు ఒకరు తప్పకుండా ఉంటారు. వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, బేసు ఎక్కువైందంటారు. మీరే సరిచేయండి సార్ అని ఆ ఫేడర్ చూపిస్తాను. ఆయన దాన్ని ఇంత కిందికి లాగి, తల పక్కకు వంచి విని, ‘ఆయ్, ఇప్పుడు కుదిరిందండి’ అంటారు. నా సర్వీసు మొత్తంలో కుదరలేదన్న మహానుభావుడు ఒక్కరూ తగల్లేదు.

ఈ సభలకు ఆ హోదా దేవసహాయం మాస్టారిది. రిటైరైన హెడ్మాస్టరు, సంఘపెద్ద, పాటల బృందానికి అధికారి. బడి వదిలారు గాని బడి ఆయన్ని వదల్లేదు. తబలా వాయించేవాడు సైతం ఆయనకు చేతులు కట్టుకుని జవాబు చెప్పేవాడు.

ఆ బృందంలో బేసు గిటారు వాయించేది ప్రభాకర్. కువైట్‌లో పన్నెండేళ్లు ఏసీ మెకానిక్కుగా చేసి, ఇక వెళ్లనని ఆ ఏడాదే వచ్చేశాడు. అక్కణ్ణుంచి వచ్చేవాళ్లు దుప్పట్లు తెస్తారు, సెంటుసీసాలు తెస్తారు. ఈయన సూట్‌కేసు నిండా పెడళ్లు తెచ్చాడు. పెడల్ అంటే గిటారుకీ మిక్సరుకీ మధ్య నేల మీద పెట్టి కాలితో నొక్కే ఇనుప డబ్బా. ఆయన వాటిని బిగించుకున్న బోర్డు మీద రెండు ముఖ్యమైనవి. ప్రీయాంప్ అనేది గిటారు నుంచి నీరసంగా వచ్చే సిగ్నలుకు బలమిచ్చి, బేసు, ట్రెబుల్ సర్ది మిక్సరుకు పంపుతుంది. డిస్టార్షన్ అనేది ఉన్న సిగ్నలును పనిగట్టుకుని చెడగొట్టి గరగరలాడిస్తుంది. గరగర రాకుండా చూసినందుకు నాకు జీతం ఇస్తారు. అదే గరగర కోసం వీళ్లు డబ్బా కొనుక్కుంటారు. లోకం ఇలా ఉంది.

సభలకు ముందురోజు మధ్యాహ్నం సౌండు సరిచూడటం మొదలుపెట్టాం. వేదిక దగ్గర పెద్ద బాక్సులు పెట్టాం. పందిరి చివర, వంటపాక దగ్గర మాత్రం కొబ్బరిచెట్లకు కట్టిన పాత గొట్టం మైకులే దిక్కు. వాటిలో మాట బ్రహ్మాండంగా పలుకుతుంది, బేసు అసలు పలకదు. ప్రభాకర్ వచ్చీ రాగానే వంటపాక దాకా తన గిటారు వినపడుతుందా అని అడిగాడు. గొట్టంలో బేసు ఎలా వస్తుంది బాబూ, వంకాయ కూరకు బేసు ఎందుకు అన్నాను. ఆయన నవ్వి, నా వెనకే నిలబడి పెట్టె విప్పుకున్నాడు. ఈలోగా మాస్టారు వచ్చి తబలా విని, ‘మెయిన్ టోన్’ ఒక్క పిసరు లాగి, కుదిరిందని వెళ్లారు.

తరువాత ప్రభాకర్ వేదికెక్కి వాయించాడు. ప్రీయాంప్‌ను ముందు పెట్టి, బేసు బాగా పెంచి, ఆ బలిసిన సిగ్నలును డిస్టార్షన్‌లోకి పంపాడు. అప్పుడేమవుతుందంటే, గరగర ముద్దగా మారి ఏ స్వరమో తెలియకుండా పోతుంది. పందిరి రేకులు అదిరాయి. దేవసహాయం మాస్టారు నడిచి వచ్చారు.

“బాబూ, దేవుని సన్నిధిలో ఈ ట్రాక్టరు సౌండేంటండీ? రేపు పొద్దున్న కూడా ఇలాగే ఉంటే, కీబోర్డాయన ఎడం చేత్తో బేసు లాగించేస్తారు. మీరు కింద కూర్చుని చక్కగా పాడుకుందురు గాని” అన్నారు.

మా ప్రాంతంలో మనిషిని తీసేయడం కూడా ఇంత మర్యాదగానే జరుగుతుంది. ప్రభాకర్ మొహం మాడిపోయింది. మాస్టారు వెళ్లాక, నా దగ్గరికి వచ్చి చెప్పుకున్నాడు. పన్నెండేళ్లూ శుక్రవారం శుక్రవారం ఎనిమిది మంది పడుకునే గదిలో, పక్కవాళ్లు లేవకుండా వాయించుకున్నాడట. ఊళ్లో ఈ వేదిక మీద నిలబడటం కోసమే అంత దూరం నుంచి ఆ పెట్టె మోసుకొచ్చాడట. నాకు జాలి వేసింది. జాలి వేస్తే నేను ఉపన్యాసం ఇస్తాను.

వరస తప్పు అన్నాను. ముందు డిస్టార్షన్, దాని వెనక ప్రీయాంప్ ఉండాలి. చెడినదాన్ని తరువాత వచ్చేది సర్దుతుంది గాని, సర్దినదాన్ని మళ్లీ చెడగొట్టుకోకూడదు. ఆయన వరస మార్చాడు. అసలా డిస్టార్షన్ ఎందుకు, ఆపేయమన్నాను. ఆయన బోర్డు మీదికి వంగి ఏదో సర్ది, “ఆయ్, మీరు చెప్పినట్టేనండి” అని కాలితో ఒక డబ్బాను నొక్కాడు. ఎర్ర లైటు ఆరిపోయింది. మళ్లీ వాయించాడు. కడిగిన ముత్యంలా ఉంది. చూశావా తేడా అన్నాను. చూసేనండి అన్నాడు.

మర్నాడు పొద్దున్న మొదటి పాట మొదలైంది. మాస్టారు మిక్సరు దగ్గరికి వచ్చి, అలవాటు ప్రకారం ‘మెయిన్ టోన్’ కిందికి లాగి, భోజనాల ఏర్పాటు చూడటానికి వంటపాక వైపు వెళ్లారు. పావుగంటకు పరుగులాంటి నడకతో తిరిగి వచ్చారు.

“ఏవండీ, బేసు వంటపాక దాకా వస్తోందండి. ఒక్కో స్వరం విడివిడిగా తెలుస్తోంది. ఇన్నేళ్ల సభల్లో ఇది లేదు. చూసేరా, నేను కొంచెం తగ్గించేసరికి” అన్నారు.

తగ్గించిన ఘనత ఆయన తీసుకున్నారు. డిస్టార్షన్ ఆపించిన ఘనత నేను తీసుకున్నాను. గొట్టం మైకులో బేసు ఎలా పలికిందని అడగాల్సిన ఒకే ఒక్క ఇంజనీరు అక్కడ నేనే. నేను అడగలేదు. మా కంపెనీ కుర్రాళ్లను కూర్చోబెట్టి, శుభ్రమైన సిగ్నల్ ఎంత దూరమైనా వెళ్తుందని అరగంట పాఠం చెప్పాను. వాళ్లు శ్రద్ధగా తలలూపారు. ఆ సాయంత్రమే మాస్టారు ప్రభాకర్ పేరు పాటల బృందం పట్టీలో స్వయంగా రాసి వేదిక పక్కన అంటించారు.

మూడో రోజు సభ ముగిశాక సామాను సర్దుతూ ప్రభాకర్ బోర్డు పైకెత్తాను. ఎర్ర లైటు డబ్బాకు కరెంటు తీగ ఉంది. లోపలికి వెళ్లే కేబులు గాని, బయటికి వచ్చే కేబులు గాని లేదు. అసలు డిస్టార్షన్ దాని పక్కన నల్లగా, లైటు లేకుండా ఉంది. అందులోంచి కేబులు తిన్నగా ప్రీయాంప్‌లోకి వెళ్తోంది. మూడు రోజులూ అది పనిచేస్తూనే ఉంది. నాకు ఒళ్లు మండింది. పిలిచి అడిగాను.

ఆయన ఏమీ దాచలేదు. ఎర్ర లైటు డబ్బా లోపలికి కువైట్ ఇసుక దూరి ఎప్పుడో చచ్చిపోయిందట, లైటు మాత్రం బతికే ఉందట. డిస్టార్షన్‌కి ఒక నాబు ఉంది, శుభ్రమైన సిగ్నల్‌లో గరగర ఎంత కలవాలో అది చూస్తుంది. నేను ఆపేయమన్నాక దాన్ని మూడో వంతుకు తగ్గించాడట. లైటు ఆర్పినప్పుడల్లా తీగను కొంచెం మెత్తగా మీటేవాడట. చిన్న గొట్టం అడుగుస్వరాన్ని పలకలేదు గాని, దాని మీద లేచే గరగరను పలుకుతుంది. ఆ గరగరను బట్టి చెవి బేసును పోల్చుకుంటుంది.

ఇదంతా నీకెవరు చెప్పారన్నాను.

“మా ఆవిడేనండి. పన్నెండేళ్లూ నా వాయింపు ఫోన్లోనే విందండి. ఏదో టకటక తప్ప ఏమీ వినపడట్లేదనేది. ఈ డబ్బా కొన్నాకే పాట పోల్చుకుంది. ఈ సభలకి వంటల బాధ్యత ఆవిడదేనండి. పాక వదిలి రాలేదు, మరి ఆ గొట్టాల్లోనే వినాలి కదండి” అన్నాడు.

నా కోపం సగం దిగిపోయింది, నిజం చెప్పడానికి సిగ్గెందుకు. అయినా హోదా ఒకటుంది కదా. నన్ను మోసం చెయ్యడమేమిటని గట్టిగానే అడిగాను.

“ఏమనుకోకండి సార్. మీరు మాస్టారి చేత ఇరవై నాలుగోది లాగించడం వెనక నుంచి చూసేనండి. ఎవరి మనసూ నొచ్చుకోకుండా పనైపోయింది. పద్ధతి బాగుందనిపించి, మీకూ ఒకటి పెట్టేనండి.”

మాస్టారికి చెప్పలేను. చెబితే ఇరవై నాలుగో చానల్ సంగతీ చెప్పాలి. కేబుల్ చుట్టి పెట్టెలో పడేశాను.

ఆ సభల వల్ల తెలుసుకున్నది ఇంతే. డిస్టార్షన్ ముందు, ప్రీయాంప్ వెనక ఉండాలి. గరగర కన్నా శుభ్రమైన సిగ్నల్ పాలు ఎక్కువ ఉండాలి. గొట్టం మైకులున్న చోట కాస్త గరగరకు భయపడకూడదు. ఎవరైనా ఆపేశానంటే లైటు చూడకుండా కేబులు ఎటు పోతోందో చూడాలి. రిటైరయ్యేటప్పుడు నా కుర్చీలోకి వచ్చిన ఆయనకు ఇవన్నీ చెప్పి, మిక్సరు అప్పగించాను.

మొన్న ఫిబ్రవరిలో అవే సభలకు వెళ్లాను. ప్రభాకర్ వేదిక మీద తన చోటనే ఉన్నాడు. నాకు బేసు ఒక్క పిసరు ఎక్కువైందనిపించింది. మిక్సరు దగ్గరికి వెళ్లి, చేతులు వెనక్కి కట్టుకుని, ఆ మాటే చెప్పాను. కొత్తాయన లేచి నిలబడి, మీరే సరిచేయండి సార్ అంటూ తెల్ల టేపు అంటించిన ఫేడర్ చూపించాడు. ఇంత కిందికి లాగి, తల పక్కకు వంచి విన్నాను. కుదిరింది.