వెడల్పు బ్రిడ్జి

రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన తీతు, తాల్‌బగీచా పేటలో తన ఇంటి వరండాలో ఎలక్ట్రిక్ గిటార్లు చేస్తాడు. ఏ ఇనప ముక్కనైనా గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాకే బిగిస్తాడు. ఈ ఏడాది నుంచి వణికే కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కూర్చోవడం అలవాటైంది. చర్చిలో వాయించే రెబెక్కా తన గిటారుకు బ్రిడ్జి ఎంచుకోవడానికి వచ్చింది. తీగలు ఆనే ఆ లోహపు పట్టీలు రెండు, పాత పేపరు మీద ఉన్నాయి. స్వరాన్ని ఊపే పిడి ఉన్న చిన్నదాన్ని ఆమె ముట్టుకుంది. “ఇదే కదా అంకుల్, మనం అనుకున్నది?”

“అది వద్దమ్మా. ట్యూనింగు నిలబడదు. ఈ ఎడల్పుది బిగిస్తాను.”

“నిన్నటిదాకా ఆ పిడి గురించే ఊదరగొట్టినారు! ఠీక్ హై, మీరు సెప్పినాక ఇంకేటుంది?” అని నవ్వి వెళ్లిపోయింది.

తీతు గిటారు మీది గుడ్డ తీశాడు. నున్నటి చెక్క మీద ఉలి జారిన గీతలు మూడున్నాయి. వెడల్పు బ్రిడ్జి పెడితే మూడూ కనబడకుండా పోయాయి. గుమ్మంలోంచి అంతా చూసిన భార్య సుజాతమ్మ మెల్లగా అడిగింది. “మలంచా నుంచి ఇంకో గిటారు అడుగుతున్నారు. ఏటి సెప్పమంటారు?”

“ఇంక సెయ్యడం లేదని సెప్పీ” అన్నాడు తీతు, బ్రిడ్జి మీంచి చెయ్యి తీయకుండా.