ఆ పేరున్నవి తప్ప

ముందు ఆ చప్పుడే వినిపిస్తుంది. వాన మొదలయ్యేటప్పటి చినుకుల్లా మెత్తగా మీటలు, చివర్న ఎంటర్ మీద ఒక్క దెబ్బ. ఆ దెబ్బను బట్టే ఆవిడ మనసెలా ఉందో నడవాలో ఉన్నవాళ్ళకి తెలిసిపోతుంది. ఆ తర్వాతే, కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టుకుని ఆవిడ కనబడుతుంది. ఆఫీసంతా కాపలా అక్క అంటారు.

ఆవిడ పని చూడటం. సర్వర్ల మీదకి ఎవరు ఏది ఎక్కించినా, ఆ డిప్లాయ్‌మెంట్లన్నీ ఆవిడ టైపు చేసే ఒక్క వరుస ఆదేశానికి నల్లటి తెర మీద బారులు తీరతాయి: ఏది నడుస్తోంది, ఏది ఆగింది, ఎవరు ఎక్కించారు. ఫిల్టర్ పెడితే అడిగినవే మిగులుతాయి. పొద్దున్నే ఆవిడ చూసి సరేనంటేనే కొత్తది కదిలేది.

ఆ తెర మీదకి తోడికోడలి పేరు వచ్చింది. ఆ పిల్లకి ఉద్యోగం ఇప్పించింది ఆవిడే, కోరి నెత్తికెక్కించుకున్నట్టయింది. ఇంట్లో అత్తగారు చిన్నకోడల్ని చూసి నేర్చుకోమంటుంది. ఆఫీసులో మేనేజరుదీ అదే పాట. చివరికి తెర మీద కూడా వరుసవరుసకీ ఆ పేరే, ఆకుపచ్చగా, నవ్వుతున్నట్టు. కళ్ళల్లో కారం కొట్టినట్టుండేది. ఒకరోజు ఆ ఆదేశానికి తను రోజూ వాడే షార్ట్‌కట్‌లో ఒక ఫిల్టర్ ఇరికించింది: ఆ పేరున్నవి తప్ప. తెర తేటపడింది. ప్రాణం హాయిగా ఉంది. పోనుపోను ఇరికించిన సంగతే మరిచిపోయింది.

టీమ్ లీడ్ ఎవరో తేలే వారం అది. పెద్ద మార్పు ఎక్కించే ముందు, ఫెయిలైనవేమన్నా ఉన్నాయా అని మేనేజరు అడిగాడు. ఆవిడ ఆదేశం కొట్టింది. తెర ఖాళీ. కానివ్వమంది. తోడికోడలు ముందురోజు ఎక్కించిన డేటాబేస్ సగంలో చతికిలబడి ఉంది. కొత్తది దాని మీదే వెళ్ళి కూర్చుంది. మధ్యాహ్నానికల్లా సైటు కుప్పకూలింది.

చూసుకోకుండా ఎలా వదిలేశావని మేనేజరు చిన్నదాన్ని నిలబెట్టి కడిగేశాడు. కాపలా అక్క మంచినీళ్ళకి లేచింది. లోపల ఏదో మూల చల్లగానే ఉంది. తిరిగొచ్చేసరికి ఆ పిల్ల ఆవిడ కుర్చీలో కూర్చుని, షార్ట్‌కట్ తెరిచి, అందులో తన పేరు చూసుకుంటోంది. అప్పుడు గుర్తొచ్చింది.

“నేనంటే ఇంత మంటా అక్కా?”

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బావుండేది. ఆ పిల్లే లేచి వెళ్ళి, పొరపాటు నాదేనండీ అని మేనేజరుకి చెప్పేసింది.

అక్కడ కాలింది ఆవిడకి. పనిలో ముందు, అత్తగారి దగ్గర ముందు, ఇప్పుడు క్షమించడంలో కూడా ముందేనా? గబగబా వెనకే వెళ్ళి, మేనేజర్ని చెయ్యి పట్టి లాక్కొచ్చినంత పని చేసి, తెర మీద ఆ ఫిల్టర్ చూపించింది. తనకి రావలసిన లీడ్ పదవి ఆ పూటే తోడికోడలికి వెళ్ళిపోయింది.

ఫిల్టర్ తీసేసింది. ఆ పేరు రోజూ కనబడుతుంది. ఎంటర్ మీద దెబ్బ మరికాస్త గట్టిగా పడుతోంది.

ఇదంతా నేను రాస్తానంటే ఆవిడ వద్దనలేదు. గుమ్మం దాకా వచ్చి మాత్రం అంది: “నిజాయితీ అని రాయకండి. త్యాగం చేసిందన్న పేరు కూడా దానికే పోతుంటే చూడలేక చెప్పేశాను.”