ఉచితం అనకుండ్రి

దిల్‌సుఖ్‌నగర్ చీరల దుకాణాల పక్కన ఫాల్, పికో కుట్టే ఆండాలు కొంగుకు ఎప్పుడూ ఒక సూది గుచ్చి ఉంటుంది. ఎల్బీనగర్ అవతల పేదల కోసం మొదలుపెట్టిన సర్కారు ఇళ్లు నిధులు రాక గోడల దాకా లేచి ఆగిపోయినప్పుడు, ఆమె ప్రతి సోమవారం మిషన్ మీద గుడ్డ కప్పి, బస్తీ ఆడవాళ్లను వెంటేసుకుని కలెక్టరాఫీసుకు పోయేది. అక్కడ ఎవరూ కూర్చోమనక్కర్లేదు. తనే కుర్చీ లాక్కుని కూర్చుని, చేతులు కట్టుకోకుండా, గొంతు తగ్గించకుండా మాట్లాడేది. ఒకసారి అధికారి విసుక్కున్నాడు.

"ఉచితంగ ఇచ్చే ఇండ్లమ్మా, జర ఓపిక పట్టాలె."

"ఉచితం అనకుండ్రి సార్," అంటూ ఆండాలు కొంగులోని సూది తీసి చూపించింది. "గీ సూది కొన్నా, దారం కొన్నా పన్ను కడ్తున్నం. గా నిధులల్ల మా పైసలు గూడ ఉన్నయి."

వెనక నిలబడ్డ ఆడవాళ్లు తలలెత్తారు. అధికారి ఫైలు తెప్పించి, నిధుల కోసం వాళ్ల ముందే పైకి రాశాడు.

మరుసటి ఏడాదికి డబ్బు వచ్చింది, పని పూర్తయింది, ఇళ్లు పంచే లాటరీలో ఆండాలుకు మూడో అంతస్తులో ఇల్లు పడింది. తాళంచెవి అందిన రోజు ఆమె తలుపు తాళం తీసి, మళ్లీ వేసి, మళ్లీ తీసింది.

"ఏంది, తాళం సక్కగ పడ్తలేదా?" అన్నాడు భర్త దశరథ.

"మంచిగనే పడ్తున్నది. మనింటి తాళం, జర తీసి చూస్కోనియ్యి."